అవునో కాదో రాసి చెప్పండి: ఆయుధ లైసెన్సు అధికారులకు ఒక మాజీ సైనికుడి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల జిల్లా కలెక్టర్లకు, పోలీసు కమిషనర్లకు, హోం శాఖల ముఖ్య కార్యదర్శులకు

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

మా మాజీ సైనికుల ఆయుధ లైసెన్సుల రెన్యువల్ దరఖాస్తులు మీ కార్యాలయాల్లో ఏ నిర్ణయమూ లేకుండా పడి ఉన్నాయి. ఇస్తామని చెప్పరు, ఇవ్వమనీ చెప్పరు. ఈ మౌనం వల్ల చట్టానికి లోబడి బతుకుతున్న మనుషుల ఉద్యోగాలు పోతున్నాయి. ఏ తప్పూ చేయనివాళ్లు నేరస్తుల జాబితాలో చేరే పరిస్థితి వస్తోంది. వినతిపత్రాలు ఇచ్చాం. సోమవారం గ్రీవెన్సులో అర్జీలు పెట్టాం. సమాచార హక్కు చట్టం కింద అడిగాం. ఎక్కడ అడిగినా ఒకటే జవాబు, ‘పరిశీలనలో ఉంది’ అని. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాను. మా మండలంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ ఉన్న మాజీ సైనికుల లైసెన్సు కాగితాలు సర్ది, ఫారాలు నింపి, పోస్టు చేసే పని కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. మా జిల్లా పేరు, మా కలెక్టరేట్ పేరు ఈ లేఖలో కావాలనే రాయలేదు. ఒక ఆఫీసును బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. రెండు రాష్ట్రాల్లో ఏ జిల్లా మాజీ సైనికుడితో మాట్లాడినా ఇదే గోడు వినిపిస్తోంది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తుపాకులు విరివిగా ఇవ్వండని మేం అడగడం లేదు. ఆయుధం అంటే ఏమిటో, అది తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో మాకు తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ. తనిఖీ గట్టిగా చేయండి. అనుమానం ఉంటే తిరస్కరించండి. ఏం చేసినా గడువులోపల చేసి, ఆ సంగతి కాగితం మీద రాసి ఇవ్వండి. మేం అడిగేది ఇంతే.

మాకు తుపాకీ ఎందుకని అడిగేవాళ్లున్నారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్లకు సైన్యంలో చేరిన సిపాయి పదిహేడేళ్ల సర్వీసు చేసి నలభై లోపే ఇంటికి వస్తాడు. అప్పటికి పిల్లలు బడిలోనే ఉంటారు, తల్లిదండ్రులు ముసలివాళ్లవుతారు. పెన్షనుతోనే ఇల్లు నెట్టుకురావడం కష్టం. ఇంతకాలం నేర్చుకున్న విద్య ఆయుధం పట్టడం, కాపలా కాయడం. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరమని పేరుపడ్డ ఊరి నుంచి గిద్దలూరు, కంభం వైపు పల్లెల దాకా ఎందరో హైదరాబాద్, విజయవాడ, విశాఖ చేరి క్యాష్ వ్యాన్ల మీద, నగల షాపుల ముందు, బంగారం తాకట్టు కంపెనీల్లో గన్‌మన్లుగా పనిచేస్తున్నారు. ‘సొంత గన్ లైసెన్సు ఉన్న మాజీ సైనికులకు ప్రాధాన్యం’ అని పేపర్లో ప్రకటన వేసేది ఇలాంటి ఉద్యోగాలకే.

ఈ ఉద్యోగాలు ప్రభుత్వం కావాలన్నవే. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం గార్డుల నియామకంలో మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు ప్రాధాన్యం ఇవ్వొచ్చని చెబుతుంది. 2018లో కేంద్ర హోం శాఖ తెచ్చిన నగదు రవాణా నిబంధనల ప్రకారం ఒక్కో క్యాష్ వ్యానులో డ్రైవరు, ఇద్దరు ఏటీఎం సిబ్బందితోపాటు ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలి. ఒక ట్రిప్పులో 5 కోట్ల రూపాయలకు మించి తీసుకెళ్లకూడదు. నగరాల్లో రాత్రి 9 తర్వాత, పల్లెల్లో సాయంత్రం 6 తర్వాత ఏటీఎంలలో డబ్బు నింపకూడదు. ఇంత పకడ్బందీగా నిబంధనలు రాసిన ప్రభుత్వమే ఆ సాయుధ గార్డు లైసెన్సు ఫైలును కదలకుండా ఉంచుతోంది.

ఇప్పుడు ఆ ఫైలు సంగతి. మనిషికి ఒక ఖాకీ కవరు. అందులో దరఖాస్తు ఫారం, లైసెన్సు పుస్తకంలోని ప్రతి పేజీ జిరాక్సు, గత రెన్యువల్ ముద్రలు కనబడేలా. ఎస్-3 ఫారంలో డాక్టరు ఇచ్చిన శారీరక, మానసిక ఆరోగ్య ధ్రువపత్రం. ఫీజు కట్టిన చలానా, ఆధార్, ఫొటోలు, డిశ్చార్జి బుక్కు, పెన్షన్ పేమెంట్ ఆర్డరు. అన్నింటికంటే జాగ్రత్తగా చూసుకునేది తుపాకీ నంబరు. బ్యారెల్ మీద చెక్కిన నంబరు, లైసెన్సులో రాసిన నంబరు, దరఖాస్తులో రాసిన నంబరు మూడూ కలవాలి. పాత పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ గన్నుల మీద అంకెలు నూనె గుడ్డతో తుడిచి తుడిచి అరిగిపోయి ఉంటాయి. ఎండలోకి తీసుకొచ్చి, భూతద్దం పెట్టి, ఇద్దరం విడివిడిగా చదివి సరిచూశాకే ఫారంలో రాస్తాం. ‘8’ కాస్తా ‘3’ అయితే ఫైలు అక్కడితో ఆగిపోతుంది. కొందరికి రెండేసి ఆయుధాలున్నాయి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక మనిషి దగ్గర మూడు ఉండొచ్చన్న పరిమితి రెండుకు తగ్గింది. ఆ ప్రకారం అదనపు ఆయుధాన్ని అప్పగించేసి రెండే ఉంచుకున్నవాళ్లు వీళ్లు. రెండింటికీ రెండు సెట్ల వివరాలు. అందరి కాగితాలూ ఒకే కట్టగా పంపితే ఒకరిది ఇంకొకరి ఫైల్లో కలుస్తుందని ఎవరి కవరు వారిదిగా, అక్నాలెడ్జ్‌మెంటుతో పోస్టు చేస్తాం.

కవరు అందినట్టు చెప్పే ఆ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు తిరిగొస్తాయి. కార్డు మీద ఆఫీసు గుండ్రటి ముద్ర, పక్కన ఒక పొట్టి సంతకం, తేదీ. ఆ ముద్ర పడ్డాక కాగితం ఎక్కడుందో చెప్పేవాళ్లుండరు. కలెక్టరేట్‌లో లైసెన్సులు చూసే సెక్షన్లో అడిగితే పోలీసు రిపోర్టుకు పంపామంటారు. స్టేషన్లో అడిగితే ఎస్పీ ఆఫీసుకు పంపేశామంటారు. అక్కడ అడిగితే స్పెషల్ బ్రాంచి రిమార్కులు రావాలంటారు. మళ్లీ సెక్షన్‌కు వెళ్తే తహసీల్దారు రిపోర్టు లేదంటారు. దరఖాస్తు వచ్చినట్టు రిజిస్టర్లో వేసే ఇన్‌వార్డు నంబరు ఇవ్వమంటే పోస్టులో వచ్చిన టపాకు నంబరు మీకెందుకంటారు. ఆ నంబరు లేకుండా ఏ సీటు దగ్గరా మాట నడవదు.

చట్టం మాత్రం దీన్ని ఇలా వదిలేయలేదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 13 ప్రకారం దరఖాస్తు అందగానే లైసెన్సు అధికారి దగ్గరలోని పోలీస్ స్టేషన్ అధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి. నిర్ణీత సమయంలో నివేదిక రాకపోతే, ఇంకా ఎదురుచూడకుండా ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆ సెక్షనే మీకిచ్చింది. 2016 ఆయుధాల నిబంధనలు పోలీసు నివేదికకు 30 రోజులు, నివేదిక అందాక మీ నిర్ణయానికి 60 రోజులు గడువు పెట్టాయి. సెక్షన్ 15 చెప్పేది మరీ ముఖ్యం. అధికారి కారణాలు నమోదు చేసి వేరేలా నిర్ణయిస్తే తప్ప, లైసెన్సు మొదట ఎంత కాలానికి ఇచ్చారో అంత కాలానికి రెన్యువల్ చేయాలి. 2019 సవరణ ఆ కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. తిరస్కరించాలంటే సెక్షన్ 14 ప్రకారం కారణం రాయాలి. ఆ తిరస్కారం మీద సెక్షన్ 18 కింద అప్పీలు చేసుకోవచ్చు.

అప్పీలు చేయాలంటే ముందు ఉత్తర్వు ఉండాలి కదా. ఉత్తర్వే లేకపోతే దేని మీద చేసేది? ‘ఇవ్వను’ అని రాసిన అధికారి మాకు కనీసం ఒక దారి చూపించినట్టే. ఏమీ రాయని అధికారి ఆ దారి కూడా మూసేస్తున్నారు. రెన్యువల్ దరఖాస్తు గడువు తీరడానికి 60 రోజుల ముందే పెట్టుకోవాలని నిబంధనలు మాకు చెప్పాయి. మేం పెట్టుకున్నాం. మా వైపు గడువు దాటితే సంజాయిషీ అడుగుతారు. మీ వైపు గడువు దాటితే అడిగేవాళ్లెవరు?

ఈ ఆలస్యం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో ఇప్పుడు చెబుతాను.

1. ఉద్యోగం పోతుంది. మా మండలానికి చెందిన నాయక్ హోదాలో రిటైరైన ఒక మాజీ సైనికుడు హైదరాబాద్‌లో క్యాష్ వ్యాను మీద పనిచేసేవాడు. గడువుకు ముందే దరఖాస్తు పెట్టుకున్నాడు. లైసెన్సు తేదీ ముగిసిన మర్నాడు ఏజెన్సీవాళ్లు, ‘రెన్యువల్ కాపీ తెచ్చాకే డ్యూటీకి రండి’ అని పంపేశారు. ఏజెన్సీని తప్పుపట్టలేం, చెల్లని లైసెన్సుతో గార్డును పెట్టుకుంటే వాళ్ల అనుమతే పోతుంది. అతను ఇప్పుడు అదే నగరంలో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర విజిల్ ఊదుతూ, సగం జీతానికి పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నాడు. కూతురు ఇంటర్ చదువుతోంది. ఫీజు కోసం వడ్డీకి తెచ్చాడు. ఇలాంటివాళ్లు ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరి కథా రాస్తే ఈ లేఖ చాలదు.

2. ఇంట్లో ఉన్న తుపాకీయే నేరమవుతుంది. లైసెన్సు లేకుండా ఆయుధం దగ్గర ఉంచుకుంటే సెక్షన్ 25 కింద, 2019 సవరణ తర్వాత, కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, జరిమానా. తుపాకీ అదే, మనిషీ అతనే, బీరువా తాళం కూడా అదే. తేదీ మారిందంతే. దరఖాస్తు మీ దగ్గర ఉందన్న మాటను దారిలో ఆపిన ఎస్సై వినాలని లేదు, వినకపోయినా ఆయన తప్పు కాదు. గుండెల మీద చేయి వేసుకుని పడుకోవాల్సిన వయసులో మా వాళ్లు గడప దగ్గర జీపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నారు.

3. పోనీ జమ చేద్దామంటే అదో ఖర్చు, అదో బెంగ. సెక్షన్ 21 ప్రకారం లైసెన్సు గడువు తీరితే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. డీలరు నెలనెలా అద్దె తీసుకుంటాడు. స్టేషన్లో అయితే సామాన్లు ఉంచే మాల్‌ఖానాలో ఏ మూలనో పడేస్తారు. రెండు వానాకాలాలు నూనె గుడ్డ తగలకపోతే బ్యారెల్ లోపల తుప్పు పట్టి గుంటలు పడతాయి. ఆ తర్వాత అందులో తోటా పెట్టి పేల్చడం పేల్చేవాడికే ప్రమాదం. పైగా నిర్ణీత కాలంలో విడిపించుకోకపోతే ప్రభుత్వపరం చేసే అధికారం కూడా చట్టంలో ఉంది. విడిపించుకోవాలంటే రెన్యువల్ కావాలి. ఆ రెన్యువల్ మీ దగ్గర ఉంది.

4. జిల్లాలు మారాయి, రిజిస్టర్లు మారలేదు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఉమ్మడి జిల్లా కలెక్టరు ఇచ్చిన లైసెన్సుకు ఇప్పుడు సొంతదారు ఎవరన్నది తేలడం లేదు. పాత జిల్లా కేంద్రానికి పోస్టు చేస్తే ‘మీ మండలం మా పరిధిలో లేదు’ అని తిప్పి పంపుతారు. కొత్త జిల్లా కేంద్రానికి పంపితే ‘మీ లైసెన్సు మా రిజిస్టర్లో లేదు’ అంటారు. ఉద్యోగం కోసం ఊరు మారినవాడి పాట్లు ఇంకా ఎక్కువ. ఇచ్చిన జిల్లా, ఉంటున్న కమిషనరేట్, ఈ రెండింటి మధ్య అతను అడకత్తెరలో పోకచెక్క. నిజానికి కేంద్ర హోం శాఖ నడిపే జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో మాలో ప్రతి ఒక్కరికీ విశిష్ట సంఖ్య ఉంది. ఆ సంఖ్య కొడితే మనిషి, ఆయుధం, లైసెన్సు ఇచ్చిన అధికారి వివరాలు తెర మీదికి వస్తాయి. ఆ సంఖ్య తీసుకోకపోతే లైసెన్సు చెల్లదని మమ్మల్ని పరుగులు పెట్టించి తీయించింది ప్రభుత్వమే. ఇప్పుడు ఆ వివరాలు చూడకుండా మళ్లీ పాత రిజిస్టరు పేజీ నంబరు మమ్మల్నే అడుగుతున్నారు.

5. వితంతువులు. 2016 నిబంధనలు లైసెన్సుదారు చనిపోతే చట్టబద్ధ వారసుడికి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించాయి. లైసెన్సుదారు 70 ఏళ్లు నిండినా, ఆయుధం తీసుకుని 25 ఏళ్లయినా, వారసుణ్ణి ప్రతిపాదించవచ్చు. మా ఊళ్లో ఒక సుబేదారు గారు పోయాక ఆయన భార్య పెద్దకర్మ కూడా కాకముందే తుపాకీని డీలరు దగ్గర జమ చేయించింది. కొడుకు పేరు మీద దరఖాస్తు పెట్టింది. ఆమెకు ఆ తుపాకీతో పని లేదు. అది భర్త జ్ఞాపకమని కూడా ఆమె అనడం లేదు. కొడుక్కి ఇస్తే కాపలా ఉద్యోగంలో చేరతాడు, ఇవ్వకపోతే అమ్మేసి ఆ డబ్బుతో ఇంటి కప్పు బాగుచేయించుకుంటుంది. దరఖాస్తు తేలేదాకా రెండూ కుదరవు. నెలనెలా డీలరు అద్దె మాత్రం కడుతోంది.

6. రైతులు. నల్లమల అంచు పల్లెల్లోనూ, ఆదిలాబాద్ వైపూ వేరుశనగ, మొక్కజొన్న వేసినవాళ్లకు అడవి పందుల బెడద తెలిసిందే. నిజమైన పంట రక్షణ అవసరానికి నాటు మందుగుండు తుపాకీ లైసెన్సు ఇవ్వాలని సెక్షన్ 13లోనే ఉంది. పందిని చంపాలంటే అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. గాల్లోకి పేల్చి బెదరగొట్టాలన్నా లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. అది లేనప్పుడు కొందరు చేను చుట్టూ కరెంటు తీగ చుడుతున్నారు. ఆ తీగ తగిలి రెండు రాష్ట్రాల్లోనూ పందులతోపాటు మనుషులూ చనిపోతున్నారు. తీగ పెట్టడం నేరమే, సమర్థించను. చట్టబద్ధమైన దారి తెరిచి ఉంచడం మాత్రం మీ చేతుల్లో ఉంది.

7. ఎన్నికలు వస్తే అన్నీ ఆగిపోతాయి. తెలంగాణలో 2023 అక్టోబరు 9న కోడ్ వచ్చింది, డిసెంబరు 3న ఫలితాలు. మళ్లీ 2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల కోడ్, జూన్ 4న ఫలితాలు. రెండుసార్లూ తుపాకీ స్టేషన్లో జమ. ఎన్నికల సంఘం సూచనల్లో ఉన్నది జిల్లాకొక స్క్రీనింగ్ కమిటీ వేసి, ఎవరి దగ్గర ఆయుధం ఉంటే ప్రమాదమో మనిషివారీగా చూడమని. కిందిస్థాయిలో జరిగేది స్టేషన్ నుంచి ఫోను, ‘రేపటికల్లా తెచ్చి పడేయండి’ అని. శాంతియుతంగా ఎన్నికలు జరగాలన్న దాంట్లో మాకు రెండో మాట లేదు. కానీ ఆ నెలల్లో రెన్యువల్ ఫైళ్లు కూడా పక్కన పెట్టాలని ఏ సూచనలోనూ లేదు.

8. దళారులు బాగుపడుతున్నారు. నేరుగా పెట్టిన దరఖాస్తు కదలకపోతే, ‘ఏ రాష్ట్రం లైసెన్సు కావాలన్నా తెచ్చిపెడతాం’ అనేవాడు వచ్చి వాలతాడు. జమ్మూ కశ్మీర్‌లో 2012 నుంచి 2016 దాకా ఇచ్చిన 2.78 లక్షల లైసెన్సుల్లో అక్రమాల మీద సీబీఐ దర్యాప్తు చేయాల్సి వచ్చింది. నకిలీ కాగితంతో దొరికిన గార్డు జైలుకు పోతాడు. అమ్మినవాడు ఇంకో ఊళ్లో ఇంకొకరిని పట్టుకుంటాడు.

తొమ్మిదోది మా బాధ కాదు, అందరి భద్రతకు సంబంధించినది. అందుకే దీనికి అంకె వేయకుండా విడిగా రాస్తున్నాను. లైసెన్సు ఇచ్చాక ప్రభుత్వం ఆ మనిషినీ ఆ ఆయుధాన్నీ మళ్లీ పట్టి చూసే సందర్భం ముఖ్యంగా రెన్యువలే. ఈ ఐదేళ్లలో అతని మీద కేసులేమైనా వచ్చాయా, తాగుడుకు బానిసయ్యాడా, మతి స్థిమితంగా ఉన్నాడా, తుపాకీ ఇంకా అతని దగ్గరే ఉందా లేక చేతులు మారిందా? ఎస్-3 ధ్రువపత్రం అడిగేది అందుకే. ఫైలు తెరవకుండా పక్కన పడేస్తే, మంచివాడి ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఆయుధం తీసేసుకోవాల్సిన మనిషి కూడా మీ కంటికి కనబడకుండా పోతాడు. అలాంటివాణ్ణి పట్టుకోవాలంటే ముందు మా అందరి ఫైళ్లూ చదవాలి.

మీ సిబ్బంది కొరత మాకు తెలుసు. సెక్షన్లో ఒక్క అసిస్టెంటు బాణసంచా దుకాణాల అనుమతుల నుంచి ఊరేగింపుల దాకా అన్నీ చూస్తుంటాడు. స్టేషన్లో ఎస్సైకి బందోబస్తు తప్పితే నిద్ర ఉండదు. వాళ్ల మీద నాకు కోపం లేదు. మా అందరితో మర్యాదగా మాట్లాడి, బల్ల కింద చేయి చాచకుండా పనిచేసిన గుమస్తాలూ ఉన్నారు. లోపం పద్ధతిలో ఉంది, దాన్ని మార్చే అధికారం మీకుంది.

కాబట్టి మా డిమాండ్లు:

1. పోస్టులో వచ్చిన ప్రతి ఆయుధ లైసెన్సు దరఖాస్తుకూ ఏడు రోజుల్లో ఇన్‌వార్డు నంబరు, చూస్తున్న సెక్షన్ పేరు ఎస్సెమ్మెస్ ద్వారానో, కార్డు ద్వారానో తెలపాలి. కాగితాల్లో లోటు ఉంటే అన్నీ ఒకేసారి రాసి అడగాలి. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఒకటి అడిగే పద్ధతి మానాలి.

2. పోలీసు నివేదికకు 30 రోజులు, నిర్ణయానికి 60 రోజులు అన్న గడువు పాటించాలి. 30 రోజుల్లో నివేదిక రాకపోతే సెక్షన్ 13 మీకిచ్చిన అధికారాన్ని వాడాలి. రికార్డు మచ్చ లేకుండా ఉండి, గతంలో పలుమార్లు రెన్యువల్ అయినవారి విషయంలోనైనా దీన్ని వెంటనే మొదలుపెట్టవచ్చు.

3. గడువుకు 60 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకున్నవారికి, ఫైలు తేలేదాకా పాత లైసెన్సు చెల్లుతుందని చెబుతూ అధికారి సంతకంతో ఒక తాత్కాలిక పత్రం ఇవ్వాలి. యజమానికీ, దారిలో ఆపిన పోలీసుకూ చూపించుకునేలా అది ఉండాలి. దీనికి కేంద్రం నుంచి స్పష్టత కావాలంటే హోం శాఖల ముఖ్య కార్యదర్శులు లేఖ రాసి తెప్పించాలి. పదవిలో ఉన్నవాళ్లు ఒక్క లేఖ రాస్తే వేల కుటుంబాలు ఊపిరి పీల్చుకుంటాయి.

4. తిరస్కరిస్తే తిరస్కరించండి. కారణం రాసి, అప్పీలు ఎవరికి చేసుకోవాలో అదే కాగితం మీద చెప్పండి.

5. జిల్లాల విభజన వల్ల అటూ ఇటూ తిరుగుతున్న ఫైళ్లను వెతికి పట్టుకుని సరైన జిల్లాకు చేర్చే బాధ్యత పాత జిల్లా కలెక్టరేటే తీసుకోవాలి. దరఖాస్తుదారు చేతికి కాగితం ఇచ్చి ‘మీరే తీసుకెళ్లండి’ అనకూడదు. ఉద్యోగం కోసం కమిషనరేట్ పరిధికి మారినవారి చిరునామా మార్పు విశిష్ట సంఖ్య ఆధారంగా జరగాలి.

6. కాపలా ఉద్యోగం చేసుకునే మాజీ సైనికుల లైసెన్సుల్లో ఆయుధం ఎందుకోసమో రాసే గడిలో ఆ ఉద్యోగం సంగతి స్పష్టంగా రాయాలి. చాలామందికి ‘ఆత్మరక్షణ’ అని రాసి వదిలేశారు. రేపు ఏదైనా జరిగితే ఆ ఒక్క మాట పట్టుకుని గార్డును బలిచేస్తారు.

7. వారసుల దరఖాస్తుల కోసం రెండు మూడు నెలలకోసారి కలెక్టరేట్‌లో ఒక రోజు కేటాయించి, పోలీసు, రెవెన్యూ, లైసెన్సు సెక్షన్ అధికారులు ఒకే చోట కూర్చుని తేల్చాలి. ముసలివాళ్లను మూడు ఆఫీసుల చుట్టూ తిప్పకండి.

8. ప్రతి జిల్లాలోనూ ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తేల్చారు, 90 రోజులు దాటినవి ఎన్ని అన్నది నెలకోసారి జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టాలి. పేర్లు, చిరునామాలు పెట్టవద్దు. ఎవరింట్లో తుపాకీ ఉందో దొంగకు తెలియకూడదు. అంకెలు చాలు.

9. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు స్క్రీనింగ్ కమిటీ మనిషివారీగా చూసి నిర్ణయించాలి. బ్యాంకు నగదు కాపలాలో ఉన్నవారి విషయం ముందుగా తేల్చాలి. జమ చేసిన ఆయుధానికి దాని నంబరు, స్థితి రాసిన రసీదు ఇవ్వాలి. ఫలితాలు వచ్చాక వారంలోపు పిలిచి తిరిగి ఇవ్వాలి.

ఈ డిమాండ్లలో సగానికి పైగా కొత్త చట్టం గానీ కొత్త బడ్జెట్టు గానీ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. మొదటి రెండూ రేపటి నుంచే అమలు చేయవచ్చు.

తోటి మాజీ సైనికులకూ రెండు మాటలు. గడువు తీరిన లైసెన్సుతో తుపాకీ భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్లకండి, యజమాని బతిమాలినా సరే. స్టేషన్లోనో, డీలరు దగ్గరో జమ చేసి రసీదు తీసుకోండి, ఆ రసీదు జిరాక్సు మీ ఫైలుకు జత చేసి పంపండి. దళారికి ఒక్క రూపాయి ఇవ్వకండి. మీ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు పారేయకండి, రేపు కోర్టులో అవే సాక్ష్యం.

ఈ లేఖ ప్రతులను రెండు రాష్ట్రాల హోం శాఖలకు, సైనిక సంక్షేమ శాఖలకు, మా జిల్లా కలెక్టరుగారికి పోస్టు చేస్తున్నాం. పెండింగులో ఉన్న మా దరఖాస్తులన్నింటి జాబితా, ఒక్కోదానికి పోస్టు రసీదు, అక్నాలెడ్జ్‌మెంట్ జిరాక్సులతో సహా కలెక్టరుగారి ప్రతికి జత చేశాం. లేఖ అందిన 60 రోజుల్లో ప్రతి దరఖాస్తు మీదా అవుననో కాదనో ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాం. ఇవ్వకపోతే, నిర్ణయం తీసుకోమని మిమ్మల్ని ఆదేశించాలంటూ హైకోర్టులో రిట్ వేస్తాం. వకాలత్ కాగితాల మీద మా వాళ్లు ఇప్పటికే సంతకాలు చేశారు.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు
దరఖాస్తులు పెండింగులో ఉన్న తోటి మాజీ సైనికులు, వారి కుటుంబాల తరఫున